పదిహేడో మంచం తెర

ఆ ఆసుపత్రిలో మెడలో ఏదో ఒకటి వేలాడేసుకుని తిరిగే అర్హత రెండు వర్గాలకే ఉండేది. డాక్టర్ల మెడలో స్టెతస్కోపు, టేపమ్మ మెడలో టేపు. డాక్టర్లు తమ పరికరాన్ని చెవుల్లో పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని, లోపల ఏం జరుగుతోందో ఊహించేవారు. టేపమ్మకు ఊహలతో పని లేదు. ఆమె టేపు ఎన్ని అంగుళాలంటే అన్నే అంగుళాలు. ఈ తేడా వల్లనే కావచ్చు, ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆమె కొలిచింది తప్పని అన్నవారు ఒక్కరూ లేరు. ఆ గౌరవం ఆ భవనంలో ఇంకెవరికీ దక్కలేదు.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. దాన్ని బయటికి తీసి వాడినవాళ్లు లేరు. ఆమె ఆసుపత్రి దర్జీ. మెట్ల కింద లినెన్ గది ఆమెది. గోడ పొడవునా చెక్క అరలు, మధ్యలో ఇస్త్రీ బల్ల, కిటికీ పక్కన కుట్టు మిషను. వార్డులకు వెళ్లే దుప్పటి, దిండు గలీబు, ఆపరేషను గౌను, మంచానికీ మంచానికీ మధ్య వేలాడే తెల్ల తెర, అన్నీ ఆ మిషను కింద నుంచి వెళ్లినవే.

ఆ గదికి రెండు శాసనాలు ఉండేవి. మొదటిది: ప్రతి గుడ్డకూ కింది మూల ఎర్ర దారంతో నంబరు కుట్టాలి. ఏ వార్డు, ఏ మంచం అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది. లేకపోతే లాండ్రీ నుంచి వచ్చిన తెర తన మంచానికి దారి మర్చిపోతుంది. రెండోది: చిరిగి పనికిరాకుండా పోయిన గుడ్డను ఊరికే పారేయకూడదు. దాని నంబరు, అది ఉండిన చోటు ఒక ఫారంలో రాయాలి. నంబరున్న మూలను కత్తిరించి ఆ ఫారానికి గుండుసూదితో గుచ్చాలి. సూపరింటెండెంటు గారు సంతకం చేయాలి. అప్పుడే ఆ గుడ్డను ముక్కలు చేసి బల్లలు తుడవడానికి వాడొచ్చు. ఆసుపత్రిలో మనిషి చనిపోయినా ఇంత మర్యాద జరిగేది కాదు.

రెండో శాసనాన్ని కఠినంగా అమలు చేసింది ఈ సూపరింటెండెంటు గారే. ఫారాలంటే ఆయనకు ప్రాణం. "కాగితం మీద లేనిది లేనట్టే" అన్నది ఆయన ఊతపదం. మధ్యాహ్నం భోజనం తర్వాత అరగంట ఆయన సంతకాల వేళ. ఫారాలను మెట్లలాగా ఒకదాని కింద ఒకటి పేర్చి, సంతకం చోటు మాత్రం కనపడేలా పెట్టాలి. ఆకుపచ్చ సిరా కలం పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా ఆగకుండా దిగేది. పైన ఏం రాసి ఉందో చదవడం కింది ఉద్యోగుల మీద అపనమ్మకం చూపడమని ఆయన భావన.

మహమ్మారి వచ్చింది. ఐసీయూలో పన్నెండు మంచాలు ఉండేవి. రెండు వారాల్లో అవి ఇరవై అయ్యాయి. గది మాత్రం సాగలేదు. ఇదివరకు ఒక మంచం అంచు నుంచి ఇంకో మంచం అంచుకు టేపు మొత్తం పరిచినా ఇంకో పది అంగుళాలు మిగిలేది. ఇప్పుడు టేపమ్మ కొలిస్తే ఇరవై నాలుగు అంగుళాలు తేలింది. అందులోనే ఆక్సిజన్ సిలిండరు, స్టాండు, నర్సు. లావుపాటి నర్సులు పక్కకు తిరిగి నడవడం నేర్చుకున్నారు. నర్సులు కూడా సగమయ్యారు, జబ్బు పడి. ఇదివరకు ఒక నర్సుకు ఇద్దరు రోగులు. ఇప్పుడు ఏడుగురు.

మంచాలు దగ్గరయ్యేసరికి ఒక చిక్కు వచ్చింది. ఒకరు చనిపోతుంటే అటూ ఇటూ ఉన్నవాళ్లు కళ్లప్పగించి చూడాల్సి వచ్చేది. చూసినవాళ్లకు ధైర్యం సడలేది. దీనికి సూపరింటెండెంటు గారు ఒక మార్గం కనిపెట్టారు. ప్రతి మంచం చుట్టూ తెర ఉండాలి, ఎప్పుడూ మూసే ఉండాలి. ఎనిమిది కొత్త తెరలు కుట్టమని టేపమ్మకు కబురు వచ్చింది. రెండు రోజుల్లో కుట్టింది. శాసనం ప్రకారం ప్రతిదాని మూలలోనూ ఎర్ర దారంతో నంబరు వేసింది. పదమూడు నుంచి ఇరవై దాకా.

పదిహేడో మంచానికి నాలుగు రోజుల తర్వాత ఆమె చెల్లెలు వచ్చింది.

చెల్లెలు తన కాళ్ల మీద నడిచి వచ్చింది. ఇది ముఖ్యం, గుర్తుంచుకోవాలి. గేటు దగ్గర ఆటో దిగి, భర్త చేయి విదిలించుకుని, "నేనేం నూరేళ్ల ముసల్దాన్నా, వదులు" అంటూ మెట్లెక్కింది. ఐసీయూలోకి బంధువులను రానివ్వరు. దర్జీని రానిస్తారు. మూడో రోజు ఉదయం, ఒక తెర కొక్కెం ఊడిందన్న సాకుతో, టేపమ్మ నిలువెల్లా ప్లాస్టిక్ గౌను తొడుక్కుని లోపలికి వెళ్లింది.

చెల్లెలు మాస్కు లోపల నుంచి ఆమెను ఎగాదిగా చూసింది. టేపు బయటికి కనపడుతుంటే గుర్తుపట్టింది.

"అక్కా, ఇది నువ్వు కుట్టిందేనా?"

"ఇంకెవరు కుడతారే?"

"కుట్టు వంకరగా ఉంది. పొద్దస్తమానం అదే చూస్తూ పడుకోవాల్సి వస్తోంది."

"నువ్వు లేచి ఇంటికెళ్లాక విప్పి కుడతాలే."

చెల్లెలు కాసేపు ఊపిరి కూడదీసుకుంది. తర్వాత హాస్యం మానేసి, బయట గొంతులు వినిపిస్తున్నాయి కానీ మనుషులు కనపడటం లేదని చెప్పింది. నర్సును పిలిస్తే ఎవరికి వినపడుతుందో తెలియడం లేదంది. "కొంచెం పక్కకి లాగి పో అక్కా. ఎవరైనా అటూ ఇటూ పోతుంటే కనపడితే చాలు."

టేపమ్మ తెరను జానెడు పక్కకు లాగింది. సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు గారు రౌండ్స్‌కు వచ్చారు. ఆయన వరుస మొత్తం చూసి, ఆ జానెడు దగ్గర ఆగారు. "ఎవరు తీశారు? క్రమశిక్షణ అంటూ ఒకటి ఉండదా?" అన్నారు. మా చెల్లెలండి, భయపడుతోందండి అని టేపమ్మ చెప్పింది. ఇక్కడ ఇరవై మంది భయపడుతున్నారు, మీ చెల్లెలికి ప్రత్యేకం లేదు, మూయమని ఆయన చెప్పారు. ఇరవై అన్నది ఆయన నోటి నుంచే వచ్చిన మాట. అది కాగితం మీద లేదు కాబట్టి ఆయనకు గుర్తుండలేదు.

టేపమ్మ తెర మూసింది. తన చేత్తోనే మూసింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు చనిపోయింది.

పదో రోజున మరిది చేతికి ఒక కాగితం వచ్చింది. 'బయటి వార్డు నుంచి ఐసీయూకు తరలిస్తుండగా, ఆలస్యంగా చేరిన కారణంగా మృతి.' టేపమ్మ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. బయటి వార్డులో ఆమె చెల్లెలు ఒక్క నిమిషం కూడా లేదు. మరిది మెత్తని మనిషి, సైకిళ్ల రిపేరు చేస్తాడు, గాలి దిగిన ట్యూబు లాంటి ముఖంతో కూర్చుని ఉన్నాడు.

"వదిలెయ్ వదినా," అన్నాడు. "ఏం రాస్తే ఏముంది. పోయిన మనిషి తిరిగి రాదు."

"రానక్కర్లేదు. నేను దాని కోసం చూడట్లేదు. ఇది రాసినవాడి కోసం చూస్తున్నా."

మొదట ఆమె పగ నర్సు మీదికి పోయింది. పదిహేడో మంచం ఎవరి వంతో కనుక్కుని, ఆ నర్సు అద్దెకు ఉంటున్న గదికి నేరుగా వెళ్లింది. దారి పొడవునా తిట్లు అనుకుంటూ వెళ్లింది, ఒక వరుసలో పెట్టుకుని. నర్సు తలుపు తీసి, ఆమెను చూసి, కుర్చీ మీది బట్టలు తీసి చోటిచ్చింది. పాతికేళ్లుంటాయి. మాస్కు తాడు రాసుకుని చెవుల వెనక పుండ్లు పడ్డాయి.

"నాకు ఏడుగురు, టేపమ్మగారూ. ఇద్దరున్నప్పుడు మనిషి ముఖం రంగు మారకముందే తెలిసేది. ఏడుగురైతే మారాక తెలుస్తుంది."

"మా చెల్లెలి సంగతి చెప్పు."

"పద్నాలుగో మంచం ఆయన గుండె ఆగింది. ఆయన ఛాతీ నొక్కుతూ ఉన్నాను. ఎక్కడో మిషను మోగుతోంది. ఆ రోజుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూనే ఉండేది. ఏ తెర వెనకో తెలియదు. ఆయన్ని వదిలి ఒక్కో తెర తీసుకుంటూ వచ్చాను. పదిహేను తీశాను, కాదు. పదహారు తీశాను, కాదు. పదిహేడు తీసేసరికి మాస్కు గొట్టం ఊడిపోయి దిండు మీద ఉంది."

"ఎంతసేపు?"

"మూడు తెరలంత సేపు."

నర్సు మిగతాది కూడా చెప్పింది. అదనపు ఎనిమిది మంచాలకు పైనుంచి అనుమతి లేదు. ఉన్నాయని రాస్తే నర్సులేరీ, డాక్టర్లేరీ అని అడుగుతారు. అందుకని ఆ మంచాల మీద కోలుకున్నవాళ్లను ఐసీయూలో బతికినవాళ్లుగా రాశారు. పోయినవాళ్లను దారిలో పోయినట్టు రాశారు. ఈ పద్ధతిలో సూపరింటెండెంటు గారి ఐసీయూ అన్ని ఆసుపత్రుల్లోకీ మేటిదయింది. చావుకు సాక్షిగా తన చేత సంతకం కూడా చేయించారని, తన ఒప్పంద ఉద్యోగం ఇంకో నెలలో ముగుస్తుందని, తను నోరు విప్పితే తన మీదికే తోస్తారని చెప్పింది.

టేపమ్మ తెచ్చుకున్న తిట్లలో ఒక్కటీ అక్కడ ఖర్చు కాలేదు. అన్నీ జాగ్రత్తగా వెనక్కి తెచ్చుకుంది. వాటికి చిరునామా మారింది, అంతే.

బయటి వార్డు నుంచి ఐసీయూకు వెళ్లే నడవా పొడవును ఆమె ఆ వారం కొలిచింది. నలభై రెండు అడుగులు. రెండు పక్కలా కిటికీలు, నున్నటి నేల, చల్లని గాలి. అంత శాంతమైన నడవాలో, కాగితాల ప్రకారం, రెండు నెలల్లో అరవై ఒక్కమంది ప్రాణాలు విడిచారు. యుద్ధాల్లో కూడా అడుగుకు ఒకరికి మించి పడటం అరుదు.

ఆమె కోరుకున్నది ఒక్కటే. ఆయన నోటితోనే 'పదిహేడు' అనిపించాలి. అదీ నలుగురిలో, ఆమె ఎదురుగా. అది జరిగే దాకా ఇంకేదీ అక్కర్లేదనుకుంది.

మహమ్మారి ఉద్ధృతి తగ్గింది. ఎనిమిది మంచాలూ వచ్చినంత వేగంగా మాయమయ్యాయి. పైకప్పులో తెరల కడ్డీలు బిగించిన కన్నాలకు సిమెంటు మెత్తి సున్నం వేశారు. తర్వాత సూపరింటెండెంటు గారు టేపమ్మను పిలిపించి, ఆ అదనపు తెరలను తగలబెట్టేయమని నోటిమాటగా చెప్పారు.

ఆమె రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. ఫారం లేకుండా అంగుళం గుడ్డ కూడా పారేయకూడదని తమరే నేర్పారని వినయంగా గుర్తుచేసింది. ఈ మాటకు ఆయన ముఖం వెలిగింది. ఇన్నాళ్లకు ఒక్కరికైనా తన పద్ధతి వంటబట్టిందని సంతోషించారు. పెట్టు, సంతకం చేస్తానన్నారు.

ఆమె పెట్టింది. మెట్లలాగా పేర్చిన నలభై ఫారాల మధ్యలో, చిరిగిన గలీబులకూ మరకల గౌన్లకూ మధ్య, ఒక ఫారం. 'ఐసీయూ, మంచం నంబర్లు పదమూడు నుంచి ఇరవై వరకు. తెరలు ఎనిమిది. పనికిరానివి.' కింద ఎనిమిది గుడ్డ మూలలు గుండుసూదులతో. వాటి మీద ఎర్ర దారం. ఆకుపచ్చ కలం ఆగకుండా మెట్లు దిగింది. అలాంటి ఫారానికి మూడు నకళ్లు ఉంటాయి. ఒకటి లినెన్ గదికి, ఒకటి ఆఫీసుకు, ఒకటి పై కార్యాలయానికి. మూడోదాన్ని ఆ సాయంత్రమే ఆమె తన చేత్తోనే తపాలా సంచీలో వేసి వచ్చింది. తర్వాత లినెన్ గదికి వెళ్లి, కత్తెర తీసుకుని, మిగిలిన తెరలను తుడుపు గుడ్డలుగా కత్తిరించింది. ఏ ముక్క ఏ తెరదో ఆమెకు తెలుసు.

మూడు నెలలు గడిచాయి. నలభై రెండు అడుగుల నడవా గురించి పైనవాళ్లకు కూడా అనుమానం వచ్చింది. ముగ్గురు సభ్యుల కమిటీ దిగింది. దాని పెద్ద ఒక వయసు మళ్లిన డాక్టరమ్మ. పొట్టిగా, కళ్లద్దాలు ముక్కు కొస మీద, మాటలు తక్కువ. విచారణ సూపరింటెండెంటు గారి గదిలోనే పెట్టారు. ఆయన తెరిచిన ప్రతి రిజిస్టరులోనూ పన్నెండు మంచాలే ఉన్నాయి. పిలిచిన ప్రతి ఉద్యోగీ పన్నెండే అన్నాడు. పిలవాల్సినవాళ్ల జాబితా రాసింది సూపరింటెండెంటు గారే. అందులో దర్జీ లేదు. విచారణకు దర్జీ ఏం చెబుతుంది?

కానీ ఆ గది పడమటి కిటికీ గురించి ఆయన ఆలోచించలేదు. ఆ కిటికీకి ఉన్న తెర మూడు రోజుల ముందు ఉతుక్కు వెళ్లింది, ఇంకా తిరిగి రాలేదు. ఎందుకు రాలేదో లినెన్ గదికి తెలుసు. మధ్యాహ్నం మూడు దాటేసరికి ఎండ తిన్నగా డాక్టరమ్మ కళ్లలో పడింది. ఆమె ఫైలును నుదుటికి అడ్డం పెట్టుకుంది. సూపరింటెండెంటు గారు నొచ్చుకుని, ఏదో ఒక తెర తెచ్చి కట్టమని టేపమ్మకు స్వయంగా ఫోను చేశారు.

ఆమె స్టూలు, కొక్కేలు, తెర పట్టుకుని వచ్చింది. నిదానంగా కట్టింది. నంబరున్న మూల సరిగ్గా డాక్టరమ్మ కంటికి ఎదురుగా ఉండేలా సర్దింది. స్టూలు దిగి వెళ్లబోతుంటే డాక్టరమ్మ అడిగింది.

"ఈ ఎర్ర అంకె ఏంటమ్మా?"

"మంచం నంబరండి. ఇది ఐసీయూలో తొమ్మిదో మంచం తెర."

"ప్రతి మంచానికీ ఉంటుందా?"

"ఉంటుందండి. ఇరవైకీ నేనే కుట్టాను."

సూపరింటెండెంటు గారు నవ్వారు. ఆ నవ్వు పెదవుల దాకా వచ్చి అక్కడ నిలబడిపోయింది. "పన్నెండు మేడమ్. ఆవిడ కుట్టుపని మనిషి, పాపం, ఈ మధ్యే చెల్లెలు పోయింది. మనసు స్థిమితంగా లేదు."

టేపమ్మ తల ఊపింది. "సారు చెప్పిందే నిజమండి. కాగితం మీద లేనిది లేనట్టే. కాగితం తెచ్చాను." జాకెట్టు లోపలి నుంచి మడత తీసి బల్ల మీద పరిచింది. ఎనిమిది గుడ్డ మూలలు ఎండిన రేకుల్లాగా అందులోంచి తలెత్తాయి.

డాక్టరమ్మ కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూసింది. పై కార్యాలయం నుంచి తెచ్చుకున్న కట్టలోంచి ఇంకో కాగితం వెతికి తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టింది. లేని మంచాలకు తెరలెందుకు పాతబడ్డాయో మూడు రోజులుగా తనకూ అర్థం కాలేదంది. తర్వాత ఫారాన్ని సూపరింటెండెంటు గారి వైపు తిప్పింది.

"ఇది మీ సంతకమేనా?"

అవునన్నారు. ఆకుపచ్చ సిరా ఆ భవనంలో ఇంకెవరికీ లేదు. ఆయన ఇంకేదో అనబోయారు, చదవకుండా చేసిన సంతకమని. ఆ మాట సగంలో ఆగిపోయింది. అది ఒప్పుకుంటే ఇన్నేళ్లుగా సంతకం చేసిన ప్రతి ఫారమూ కూలిపోతుంది.

"మూలల మీద ఉన్న నంబర్లు చదవండి. రికార్డు చేయాలి."

ఆయన చదివారు. పదమూడు. పద్నాలుగు. గుండుసూది వేలికి గుచ్చుకుంది. పదిహేను. పదహారు. ఆ తర్వాతిది గొంతులోనే అన్నారు.

గది తలుపు దగ్గర నిలబడి ఉన్న టేపమ్మ నోరు విప్పింది. "వినపడలేదండి."

"పదిహేడు."

"ఇంకోసారి సార్."

పక్కనున్న సభ్యుడు అభ్యంతరం చెప్పడానికి డాక్టరమ్మ వైపు తిరిగాడు. డాక్టరమ్మ కళ్లద్దాలు తుడుచుకుంటోంది. ఆమెకు తొందరేమీ ఉన్నట్టు లేదు.

"పదిహేడు," అన్నారు సూపరింటెండెంటు గారు.

అరవై ఒక్కమందినీ నడవాలోంచి వెనక్కి తీసుకెళ్లి, ఎవరు ఎక్కడ పోయారో అక్కడ రాశారు. ఐసీయూ మేటితనం కూడా అక్కడే పోయింది. గది కిక్కిరిసిన ఆ రెండు నెలల్లో, పన్నెండు మందే ఉంటే బతికి ఉండేవాళ్లు ఎందరో లెక్కగట్టి కమిటీ ఒక సంఖ్య రాసింది. ఆ సంఖ్యను టేపమ్మ చదవలేదు. నర్సుకు ఉద్యోగం తిరిగి ఇచ్చారు, ఆ అమ్మాయి వద్దని వేరే చోటికి వెళ్లిపోయింది. సూపరింటెండెంటు గారిని పదవిలోంచి తీసి, ఫారాలు లేని ఒక మూలకు పంపారు. ఆయనకు అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ ఊహించలేరు.

వెళ్లే రోజు ఆయన తన సొరుగులు ఖాళీ చేసుకుంటుంటే టేపమ్మ వచ్చింది. ఆయన తల ఎత్తలేదు.

"ఇంకా ఏం కావాలి నీకు?"

"ఏం లేదు సార్. మీ బల్ల తుడిచే గుడ్డ తీసుకుపోదామని వచ్చా."

ఆ గుడ్డ కలం స్టాండు పక్కన మడతపెట్టి ఉంది. తెల్లది, మాసి బూడిద రంగుకు తిరిగింది. ఇన్ని నెలలుగా రోజూ ఉదయం దానితోనే బల్ల తుడిచేవారు. మధ్యాహ్నం సంతకాల తర్వాత ఆకుపచ్చ సిరా అంటిన వేళ్లను ఆయన స్వయంగా దానికే తుడుచుకునేవారు.

"అది పదిహేడో తెర సార్," అంది టేపమ్మ. "మీకోసమని ఎంచి పెట్టాను."

ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నారు. ఆమె గుడ్డను దులిపి, నాలుగు మడతలు పెట్టుకుని లినెన్ గదికి వచ్చేసింది.

మరిది సాయంత్రం దారిలో ఆగి, ఇప్పటికైనా మనసు చల్లబడిందా వదినా అని అడిగాడు. ఆమె మిషనుకు నూనె వేస్తోంది. పదిహేడో తెరలోంచి కత్తిరించిన రెండో ముక్క మిషను కింద ఉంది. వంకర కుట్టు ఉన్న ముక్క అదే. దానికీ ఇన్ని నెలలుగా రోజూ పని ఉంది. నూనె కారితే దానితోనే తుడుస్తుంది, తన చేతులు కూడా.

"ఆయన సంగతి అయిపోయింది," అంది. "మూసింది మాత్రం నేనే కదా."

పెడలు మీద కాలు పెట్టింది. ఐసీయూకు కొత్త తెరలు కుట్టాలి, పన్నెండు. పై సగం వల గుడ్డ, తెర మూసినా లోపలి మనిషి కనపడేలా. అలా కుట్టమని ఎవరూ చెప్పలేదు, దానికి ఫారం కూడా లేదు.